మా బావ పదకొండో పాట

ఆ చొక్కా ఎక్కడ దొరికిందే నీకు? అమ్మమ్మ పెట్టెలోనా? అబ్బో, ఇంకా ఉందన్నమాట. ఇలా కిటికీ దగ్గరికి తీసుకురా, చూడనీ. ఆఁ, అదే. ఈ తళుకులన్నీ చేత్తో కుట్టినవే, తెలుసా? మా వీధి చివర ఓ దర్జీ ఉండేవాడు. ఈ ఒక్క చొక్కా కుట్టేసరికి ఆయనకి కళ్ళద్దాలొచ్చాయి. నన్ను చూసినప్పుడల్లా "మీ బావ పాడితే నాకేం ఒరిగిందయ్యా, నా చూపు పోయింది" అనేవాడు. వేసుకుంటావా? వేసుకో, నిన్నెవరు కాదన్నారు. కాకపోతే చంకల దగ్గర గుచ్చుకుంటుంది. మీ తాత పాడుతూ పాడుతూ రెండు చేతులూ పైకెత్తేసేవాడు, ఫోటోల్లో చూసే ఉంటావు. అదేదో గొప్ప భావం అనుకుని జనం ఈలలు వేసేవాళ్ళు. భావమూ లేదు, పాడూ లేదు. గుచ్చుకుని ఎత్తేవాడు.

నువ్వు పుట్టేనాటికి ఆయన లేడు కదా, నీకేం తెలుసు. నీకు తెలిసిన తాత గోడ మీద ఫోటోలో బుద్ధిగా కూర్చున్నాయన. ఆ బుద్ధి ఫోటో తీసినంతసేపే. నాకు బావ, మా అక్క మొగుడు, జనానికి మాత్రం "మెరుపు". పోస్టర్ల మీద కూడా అదే పేరు. గిటారు పట్టుకుని స్టేజీ ఎక్కాడంటే ముందు వరసలో ఆడపిల్లలు కుర్చీల మీద నిలబడేవాళ్ళు. సంచుల కొద్దీ ఉత్తరాలు. వాటిని మీ అమ్మమ్మ కూరగాయలు తరుగుతూ నా చేత చదివించుకునేది. "నీ కళ్ళల్లో చందమామ ఉన్నాడు" అని ఎవరో రాస్తే, "చందమామ సంగతి తర్వాత, కంట్లో కలికం వేసుకోమని పదిరోజుల్నుంచి మొత్తుకుంటున్నాను, వింటేనా" అనేది. ఆయనేమో అద్దం ముందు నిలబడి అన్నీ వింటూ విననట్టు నటించేవాడు. అద్దం అంటే గుర్తొచ్చింది, ఆ ఇంట్లో ఏడు అద్దాలుండేవి. వంటింట్లో కూడా ఒకటి. వంటింట్లో అద్దమెందుకే అంటే... సరే, అదిప్పుడెందుకు.

గొంతు గురించైతే చెప్పక్కర్లేదు. తన గొంతుకి లోపం ఉందని ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఒప్పుకోలేదమ్మా. అపస్వరం పడితే మైకుది తప్పు. మైకు బాగుంటే హాలుది తప్పు. హాలు బాగుంటే ముందు వరసలో ఎవడో ఆవులించాడు, వాడిది తప్పు. చివరికి జలుబు చేసి గొంతు పూడుకుపోయినా, "ఇవాళ కొంచెం బరువెక్కింది, ఇంకా బాగుంది కదరా?" అని నన్నడిగేవాడు. బాగుంది బావా అనేవాణ్ణి. మరేమంటాను? వాళ్ళింట్లో తిండి, వాళ్ళింట్లో పడక.

ఆఁ, నా సంగతి. నా సంగతి ఏముందిలే. నేను చేయని ఉద్యోగం లేదు, ఊడని ఉద్యోగం లేదు. మందుల కొట్లో చేరాను, దగ్గు మందు అడిగినవాడికి జుట్టుకి రాసుకునే నూనె ఇచ్చాను. ప్రెస్సులో చేరాను, చావు కబురు కార్డుల మీద "తప్పక విచ్చేసి ఆనందింపజేయగలరు" అని అచ్చేయించాను. అక్కడ్నుంచి నన్ను తన్ని తరిమేస్తే మా అక్కే చెయ్యి పట్టుకుని మీ తాత దగ్గరికి తీసుకొచ్చి, "వీణ్ణి మీ దగ్గర పెట్టుకోండి, బయట వదిలితే ఎవరి కొంపో ముంచుతాడు" అంది. అప్పట్నుంచీ గిటారు మొయ్యడం, టేపు రికార్డరు నొక్కడం, టేపుల అట్టపెట్టెల మీద పేర్లు రాయడం, అదీ నా పని.

అన్ని రోజులూ ఒకలా ఉండవు కదా. మెల్లిగా జనం పల్చబడ్డారు. ఓ క్లబ్బు హాల్లో మూడొందల కుర్చీలు వేస్తే నలభై మంది వచ్చారు. అందులో పది మంది మైకు వాళ్ళూ, లైట్ల వాళ్ళూ. మీ తాత తెర సందులోంచి చూసి, "జనం తక్కువుంటే గొంతు బాగా మోగుతుందిరా" అన్నాడు. ఆ మర్నాడే క్యాసెట్ల కంపెనీ ఆయన కబురు పెట్టాడు. ఆయన పేరు చెప్పినా నీకు తెలీదు, మేమంతా "తప్పుగా అనుకోకండి" అనే పిలిచేవాళ్ళం. ఏం చెప్పినా ముందు ఆ మాట అనేవాడు. గొంతు తగ్గించి, చేతులు నలుపుకుంటూ, "తప్పుగా అనుకోకండి సార్, భోంచేశారా?" అనేవాడు. భోంచేశారా అంటే తప్పుగా ఏం అనుకుంటాం? ఆ రోజు మాత్రం నిజంగానే తప్పుగా అనుకోవాల్సిన మాట అన్నాడు. "తప్పుగా అనుకోకండి సార్. మీ పాటలకి తిరుగులేదు. మీరు రాయండి, బాణీ కట్టండి. పాడటం ఆ కొత్తవాళ్ళు చూసుకుంటారు."

బావ ముఖం చూడాలి నువ్వు. "అంటే నేను నమిలి వాళ్ళ నోట్లో పెట్టాలా?" అన్నాడు. లేచి గుమ్మం దాకా వచ్చేశాడు కూడా. నేను గిటారు ఎత్తుకున్నాను. అప్పుడు ఆ పెద్దమనిషి వెనకనుంచి, "వేరేవాళ్ళకి పది పాటలివ్వండి సార్, పదకొండోది మీ గొంతుతోనే వేద్దాం. మా మాట" అన్నాడు. బావ ఆగాడు. వెనక్కి తిరగలేదు గానీ ఆగాడు. ఇంటికి రాగానే బీరువా తలుపు లోపలివైపు సుద్దముక్కతో పది గళ్ళు గీసి, కింద పదకొండోది పెద్దగా గీశాడు. మా అక్కని పిలిచి, "ఈ పెద్ద గడి నీది. నీ మీద పాట, నా గొంతులో. ఇన్నేళ్ళూ ఊరందరి మీదా పాడాను, నీ మీద ఒక్కటీ పాడలేదు కదా" అన్నాడు. మీ అమ్మమ్మ ఏమందో తెలుసా? "బీరువాకి మొన్ననే రంగు వేయించాను, గీతలెందుకు గీశారు?" అంది. అలా అంది గానీ, వంటింట్లోకి వెళ్ళి అద్దంలో చూసుకోవడం నేను చూశాను. పదకొండో పాట కోసం ఆయన ఎదురుచూశాడంటారు అందరూ. ఆయనకన్నా ఆవిడే ఎక్కువ ఎదురుచూసిందమ్మా. ఒట్టు.

ఇక మొదలైంది చూడు. మొదటి పాట ఒక బొంగురు గొంతాయనకి. ఆ మనిషి సిగరెట్లు కాల్చి కాల్చి రెండు మాటలకోసారి ఊపిరి తీసేవాడు. మీ తాత కసి కొద్దీ ఆయనకి ఎక్కడా ఆగే చోటు లేకుండా నాలుగు వరసల పొడుగున పాట రాశాడు. కంపెనీలో పాడించి చూస్తే ఆయన మూడో వరసకి గోడ పట్టుకున్నాడు. మా అక్కకి ఈ సంగతి నేనే చెప్పాను. "సిగ్గు లేదూ? ఎవరి ఇంట్లో మనిషో, పాట పాడి పోయాడంటే ఆ పాపం ఎవరికి? మనిషిని చూసి చొక్కా కుట్టాలి గానీ, చొక్కా కుట్టి మనిషిని నరుకుతారా?" అని చీవాట్లు పెట్టింది. అదిగో, ఆ మాట పట్టుకున్నాడు బావ. అప్పట్నుంచీ ఎవరికి పాట రాయాలన్నా ముందు వెళ్ళి కొలతలు తీసుకునేవాడు. కొలతలంటే టేపు పెట్టి కాదులే. వాళ్ళింటికి వెళ్ళి, "మీ ఇంటికి బస్టాండు నుంచి దగ్గర దారేది?" అని అడిగేవాడు. దారి చెప్పేటప్పుడు మనిషి నటించడు కదా. కుడికి తిరగండి, ఎడమకి తిరగండి, అక్కడ పంపు ఉంటుంది అంటూ వాళ్ళు చెప్పుకుపోతుంటే, ఈయన బల్ల కింద వేళ్ళతో లెక్కపెట్టేవాడు. ఒక్క ఊపిరికి ఎన్ని మాటలు, ఎక్కడ తడబాటు, ఎక్కడ గొంతు పైకి లేస్తుంది, అన్నీ. ఇంటికొచ్చి సరిగ్గా ఆ కొలతకి పాట కుట్టేవాడు. ఆ బొంగురాయన పాట రెండోసారి రాస్తే ఏమైందనుకున్నావు? ఆయన దగ్గినా అందంగా ఉంది. దారి అడిగీ అడిగీ మాకు ఆ ఊళ్ళో తెలియని సందు లేకుండా పోయింది.

పాట రాశాక మా ఇంట్లోనే వెనక గదిలో దుప్పట్లు కట్టి, ఆయన గిటారుతో పాడి టేపు చేసేవాడు. పాడబోయేవాళ్ళు విని నేర్చుకోవడానికి. దాన్ని నమూనా అనేవాళ్ళం. నేను మీట నొక్కాలి, అయ్యాక పెట్టె మీద పెద్ద అక్షరాలతో "నమూనా" అని రాయాలి. ఎందుకంటే నమూనా అని ఉంటే, వాళ్ళు పాట నేర్చుకున్న రోజే కంపెనీవాళ్ళు ఆ టేపు చెరిపేసి ఇంకోదానికి వాడుకునేవాళ్ళు. అది వాళ్ళ పద్ధతి. అర్థమైందా? సరే.

అయిదో పాట ఒక అమ్మాయికి. చిలక అనేవాళ్ళు. మంచి పిల్ల, బంగారం లాంటి గొంతు, కానీ ఏది వింటే అది అచ్చు దింపేస్తుంది. కొలతలకి వెళ్ళాం. బావ దారి అడిగాడు. ఆ పిల్ల చేతులు తిప్పుతూ, తల ఎగరేస్తూ, మధ్యలో "చూశావూ" అంటూ చెప్పింది. అదంతా ఎవరిదనుకున్నావు? మీ తాతదే! కూర్చున్న పది నిమిషాల్లో ఆయన్ని ఎక్కించేసుకుంది. నాతో మాట్లాడితే నాలా నీళ్ళు నమిలింది. బయటికొచ్చాక బావ, "అద్దాన్ని దారి అడిగినట్టుందిరా. దీనికి కొలతలేం తీయను?" అని తల పట్టుకున్నాడు. చివరికి తన కొలతకే రాశాడు. ఒక అమ్మాయి ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉంటుంది, అదీ పాట.

నమూనా తీస్తున్నాం. మూడో చరణం మధ్యలో గిటారు మోగుతోంది, ఎవరో తలుపు కొట్టారు. మీ అమ్మమ్మ వంటింట్లో ఉంది. ఆపితే మళ్ళీ మొదట్నుంచీ పాడాలి, అప్పటికి నాలుగుసార్లయింది. అందుకని మీ తాత ఆపకుండా, ఆ బాణీలోనే, "తలుపు దగ్గరెవరో చూడవే" అని పాడేశాడు. లోపల్నించి మా అక్క "వస్తున్నా!" అని కేక పెట్టింది. ఈయన తర్వాత వరస అందుకున్నాడు. అయ్యాక నాతో, "ఒరేయ్, ఆ ముక్క తీసేయమని చీటీ రాసి పెట్టెలో పెట్టు" అన్నాడు. పెడతాను బావా అన్నాను. పెట్టానా? అదే కదా. భోజనానికి పిలిచారు, వెళ్ళిపోయాను.

క్యాసెట్టు వచ్చింది. ఇంట్లో అందరం కూర్చుని పెట్టుకున్నాం. మూడో చరణం. చిలక ఎంతో దిగులుగా, "తలుపు దగ్గరెవరో చూడవే..." అని తీసింది. వెనకాల నలుగురు అమ్మాయిలు గొంతులు కలిపి "వస్తున్నా!" అని అందుకున్నారు. మా అక్క కేక ఎంత పొడుగుందో అంత పొడుగు. అంతెందుకు, ఆ ముక్కకి ముందు మీ తాత గొంతు సవరించుకున్నాడు చూడు, అది కూడా సవరించింది ఆ పిల్ల! బావ పళ్ళు నూరుతూ చెప్పు కోసం వెతుకుతున్నాడు. అక్క మాత్రం నోరు తెరుచుకుని, "నేను అలా అరుస్తానా?" అంది.

ఆ చెప్పు నా మీద పడేలోపు పాట ఊరంతా పాకింది. బస్సుల్లో అదే, మంగలి షాపుల్లో అదే. పేపర్లో ఒకాయన సగం పేజీ రాశాడు, "తలుపు దగ్గర ఎవరు? కవి చెప్పడు. జవాబిచ్చే ఆ గొంతులు ఎక్కడివి? అదీ చెప్పడు. మనిషి జన్మంతా ఆ ప్రశ్నకీ ఆ జవాబుకీ మధ్యే గడిచిపోతుంది" అని. తలుపు దగ్గరున్నది ఇస్త్రీ బట్టలాయనమ్మా! ఆయనకీ తెలిసిపోయింది. అందరికీ చెప్పుకుని తిరిగాడు, "ఆ పాట నా మీదే" అని. బావ ముందు రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. మూడోరోజు ఎవరో శాలువా కప్పుతాం రమ్మంటే వెళ్ళాడు. వచ్చేసరికి మాట మారిపోయింది. "ఆ ముక్క నేను కావాలనే పెట్టానురా" అన్నాడు నాతో! నాతో! నేను పక్కనే ఉన్నాను కదమ్మా మీట నొక్కుతూ! అక్కేమో, "ఆ వస్తున్నా నాది. నా పేరూ వెయ్యమనండి" అని కూర్చుంది. తర్వాత పాటకి ఈయన నాకు చాటుగా చెప్పి గిన్నె కింద పడేయించాడు, పక్కింటి కుక్కని తెప్పించాడు. కంపెనీ ఆయన ఫోను, "తప్పుగా అనుకోకండి సార్, ఈ కుక్కని ఎవరి చేత పాడిద్దాం?"

నవ్వు నవ్వు. నేనూ నవ్వాను అప్పుడు. అందరూ నన్ను అదృష్టవంతుడన్నారు, నా మరుపు వల్లే పాట ఆడిందన్నారు. మీ అమ్మమ్మ ఒక్కతే నవ్వలేదు. నన్ను వంటింట్లోకి పిలిచి, గరిటె నా ముక్కు దాకా తెచ్చి, "ఈసారి బతికిపోయావు. ఆయన పదకొండో పాట దాకా నీ చేతుల మీదే వెళ్ళాలి. ఇంకొక్క పొరపాటు చేశావో, తమ్ముడివని కూడా చూడను, నా గుమ్మం ఎక్కనివ్వను" అంది. అన్న మాట మీద నిలబడే మనిషి మా అక్క. మా పిన్నితో ఏదో మాటొచ్చి మాట్లాడటం మానేస్తే ఆ పిన్ని పోయేదాకా మానేసింది. మరి నాకు ఆ గుమ్మం తప్ప ఇంకో గుమ్మం లేదు.

ఏడయ్యాయి, ఎనిమిదయ్యాయి. పదో గడి కొట్టేసిన రోజు బావ నన్ను డాబా మీదకి తీసుకెళ్ళాడు. కుర్చీలో కూర్చుని, "ఒరేయ్, నన్ను దారి అడుగు" అన్నాడు. నాకర్థం కాలేదు. "అడగరా! అందరి కొలతలూ తీశాను, నావెవడు తీస్తాడు?" సరేనని, "బావా, బస్టాండుకి దారేది?" అన్నాను. చెప్పాడు. నేను వెనక చేతులు పెట్టుకుని వేళ్ళు ముడుస్తున్నాను. పన్నెండు మాటలు ఉండేవి ఆయనకి ఒక్క ఊపిరికి, పాత రోజుల్లో. "ఎన్ని?" అన్నాడు. ఏడు అన్నాను. "నీకు లెక్కలు రావు. మళ్ళీ." మళ్ళీ చెప్పాడు, ఈసారి ఇంకా ఊపిరి బిగబట్టి. ఆరొచ్చాయి. కాసేపు ఊరివైపు చూశాడు. "సరే, ఆరుకే కుడదాం" అని లేచాడు. గొంతు బాగోలేదని కాదమ్మా, అది ఒప్పుకోలేదు. ఊపిరే పొట్టిదైంది, గొంతు మాత్రం దివ్యంగా ఉంది అన్నాడు.

ఆ పాట నెల రోజులు కుట్టాడు. చిన్న చిన్న వరసలు. ఏముంది అందులో అంటే, తెర వెనక ట్రంకు పెట్టె మీద ఒకావిడ కూర్చుని ఉంటుంది. ఆయన తళుకుల చొక్కా వేసుకుని బయట పాడుతుంటే, ఆవిడ ఆయన మామూలు చొక్కా ఒళ్ళో పెట్టుకుని, ఊడిన బొత్తాం కుడుతూ వింటూ ఉంటుంది. అంతే. అక్కకి ఒక్క ముక్కా వినిపించలేదు. ఆవిడ వంటింట్లోంచి చెవులు రిక్కిస్తే, ఈయన కూనిరాగం ఆపేసి కిటికీలు మూసేసేవాడు. "టేపు వచ్చాకే" అనేవాడు. ఆవిడ, "ఆఁ, నాకేం తొందర" అనేది, అంటూనే క్యాలెండరు వంక చూసేది.

ఆ రోజు కంపెనీ స్టూడియోకి వెళ్ళాం. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకు, కుర్చీలూ బల్లలూ చేసే షెడ్డు వెనకాల రెండు గదులు. వడ్రంగులు భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని మొదలుపెట్టాలి, లేకపోతే ప్రతి పాటలోనూ సుత్తి దెబ్బలే. వాయిద్యాలు వద్దన్నాడు బావ. "నేనూ గిటారూ చాలు. మీట మావాడు నొక్కుతాడు, మిగతావాళ్ళు వెళ్ళి అన్నం తినండి" అన్నాడు. అందరూ వెళ్ళిపోయారు. అద్దానికి ఇవతల నేను, అవతల ఆయన. బనీను మీద మామూలు గళ్ళ చొక్కా, తల కూడా సరిగ్గా దువ్వుకోలేదు. చెయ్యెత్తాను. పాడాడు.

ఏమని చెప్పను. ఇన్నేళ్ళు ఆ గొంతు విన్నాను కదా, అరుపులు, మెలికలు, ఆ చేతులెత్తడాలు, అన్నీ విన్నాను. ఆ రోజు అవేవీ లేవు. పక్కన కూర్చుని చెప్పినట్టు పాడాడు. ఊపిరి ఆగిన ప్రతిచోటా ఆయన కూడా ఆగాడు, దాచుకోలేదు. నాకు కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకుంటే మీట మీద చెయ్యి కదులుతుందేమోనని అలాగే కూర్చున్నాను. ఒక్కసారే. రెండోసారి అక్కర్లేదన్నాడు. బయటికొచ్చి, "ఎలా ఉందిరా?" అన్నాడు. ఎప్పుడూ "బాగుంది బావా" అనేవాణ్ణి, ఆ రోజు నిజంగా బాగుంటే అనలేకపోయాను. ఆయన నా ముఖం చూసి, భుజం తట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను టేపు తీసి పెట్టెలో పెట్టాను. కలం తీశాను. కళ్ళు మసగ్గా ఉన్నాయి. పది పెట్టెల మీద రాసిన చెయ్యి కదా, పదకొండో పెట్టె మీద కూడా రాసేసింది.

ఏమనా? ఇంకేమని. నమూనా అని.

ఇంకో కాపీ తియ్యలేదా అంటావా? రేపు తీద్దాం అనుకున్నాను. నా బతుకంతా రేపు తీద్దామే కదా.

రెండు వారాలు పోయాక, మన టేపు ఎప్పుడొస్తుందో కనుక్కుందామని ఇద్దరం వెళ్ళాం. కంపెనీ ఆయన ఎదురొచ్చి, బావ చేతులు పట్టుకుని, "సార్, అద్భుతం! మీకు వినిపిద్దామనే ఆగాను" అని క్యాసెట్టు పెట్టాడు. చిలక గొంతు. బావ పాట. ఆయన ఆగిన చోటల్లా ఆగింది, ఆయన ఊపిరి తీసిన చోటల్లా తీసింది, ఒక్కటి వదల్లేదు. బావ పాటంతా విన్నాడు. తర్వాత మెల్లిగా, "నేను పాడింది ఏదండీ?" అన్నాడు. "నమూనానా సార్? అది పిల్ల నేర్చుకున్న రోజే చెరిపేశాం కదా" అన్నాడాయన. అని, ఏదో అనుమానం వచ్చి, అరలోంచి ఖాళీ పెట్టె తీశాడు. "తప్పుగా అనుకోకండి సార్, నమూనా అని రాసి ఉంది, చూడండి. మీరే మనసు మార్చుకుని పిల్లకి ఇచ్చారనుకున్నాం."

చూశాడు. నా అక్షరాలు ఆయనకి తెలీవా? తలకట్లన్నీ పక్కకి ఒరిగిపోయి ఉంటాయి. పెట్టె ఇటూ అటూ తిప్పాడు, చంకలో పెట్టుకున్నాడు, "పోన్లెండి, బాగా పాడింది పిల్ల" అని లేచాడు. దారి పొడుగునా నేను నోరు తెరవడం, మూయడం. "బావా" అంటే "ఊఁ" అనేవాడు. అంతకుమించి నావల్ల కాలేదు. ఇంటి సందులోకి తిరిగాక ఆ పెట్టెని ముక్కలు ముక్కలుగా చింపి చెత్తకుండీలో వేశాడు. అప్పటికీ నాకు తట్టలేదు ఎందుకో.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమైందండీ? టేపు ఏది?" అంది. ఆయన్ని అడిగింది గానీ, నా ముఖం చూసేసింది. నా ముఖం చూస్తే చాలు ఆవిడకి. "ఏం చేశావురా?" అంది. ఆవిడ ఒక అడుగు వేసింది నా వైపు. అప్పుడు మీ తాత చెప్పులు విప్పుకుంటూ, మామూలుగా, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు, "వాణ్ణేమంటావే? నేనే ఆ పిల్లకి ఇచ్చేశాను. పాడి విన్నాను, బాగోలేదు. నా గొంతు పోయింది" అన్నాడు.

గొంతు పోయింది! ఆ మనిషి! మైకునీ, హాలునీ, ఆవులించినవాణ్ణీ కూడా వదలని మనిషి! మా అక్క అలాగే నిలబడిపోయింది. ఆయన నోట ఆ మాట వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు, అందుకే నమ్మింది. మామూలు మనిషైతే అనుమానం వచ్చేదేమో. నా సంగతి మర్చిపోయింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల నిమిరి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను గుమ్మం దాటి లోపలికి వచ్చాను. అన్నం పెట్టింది, తిన్నాను. తిన్నానమ్మా. కడుపు నిండా తిన్నాను.

మళ్ళీ పాడొచ్చు కదా అంటావు. ఎలా పాడతాడు? పాడితే గొంతు ఉందని తెలిసిపోదూ? గొంతు ఉంటే పాట ఎందుకిచ్చాడని అడగదూ? అడిగితే నేను వీధిలో ఉంటాను. స్నానాల గదిలో గంటసేపు పాడే మనిషి, మర్నాటి నుంచీ నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఇచ్చిన పాటలకి కూడా నమూనా వేరేవాళ్ళ చేత పాడించాడు. మీ అమ్మమ్మేమో ఊరుకుంటుందా? ఎవరో చెప్పారట, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే గొంతు తిరిగొస్తుందని. రోజూ పొద్దున్నే గ్లాసుడు వేడి ఉప్పునీళ్ళు పట్టుకుని ఆయన ముందు నిలబడేది. ఆయన పుక్కిలించేవాడు. వానొచ్చినా, జ్వరమొచ్చినా. పుక్కిలించి, "ఊహుఁ, ఇవాళా రాలేదు" అనేవాడు. పధ్నాలుగేళ్ళు. ఏమీ కాని గొంతుని పధ్నాలుగేళ్ళు పుక్కిలించాడమ్మా, నా ఎదురుగానే. ఒక్కసారి కూడా నా వంక చూడలేదు, చూస్తే నేనెక్కడ చెప్పేస్తానో అని. నేను చెప్పలేదు. ఆయన ఉన్నప్పుడూ చెప్పలేదు, పోయాకా చెప్పలేదు. మా అక్క కూడా వెళ్ళిపోయింది, ఆయన గొంతు పోయిందనే అనుకుంటూ.

పాడమంటావా? ఎలా పాడాడో? నేనా? నాకు పాటెక్కడ వచ్చు తల్లీ. పెట్టెల మీద పేర్లు రాయడమే వచ్చు.

నీ బస్సు ఎన్నింటికన్నావు?